దేహవివేకమును దర్శించిన వాల్టర్ కానన్

మన ఆలంకారికులు సాత్త్విక భావములను ఎనిమిదింటిగా లెక్కించిరి. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అనునవి ఆ యెనిమిది. మనసు కలతనొందినపుడు దేహము తనంత తాను చూపు గుర్తులివి. చేయి త్రిప్పినట్లు, కనుబొమ ఎత్తినట్లు వీనిని కోరినపుడు తెచ్చుకొనుటకు వీలులేదు. నటుడు భావమునందు లీనమైననే గాని ఇవి పుట్టవు. యజమానుని ఆనతి లేకయే ఇంటిలో జరిగిపోవు ఈ వ్యాపారమునకు కారణమేమి? భయము కలిగినంతనే చెమట యేల పట్టవలెను? వెండ్రుకలేల నిక్కబొడుచుకొనవలెను? మోమేల వెలవెలబోవలెను? ఇవి వట్టి కలవరపు గుర్తులా, లేక వీనివలన దేహమునకు ఉపయోగమేదైన కలదా? ఈ ప్రశ్నలకు ప్రయోగశాలయందు సమాధానము వెదకుటకై జీవితమును ధారవోసినవాడు అమెరికా దేశపు శరీరధర్మశాస్త్రవేత్త వాల్టర్ బ్రాడ్‌ఫర్డ్ కానన్.

కానన్ 1871వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమున, మిసిసిపీ నదీతీరమందలి ప్రెయిరీ డు షీన్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి రైల్వే ఉద్యోగి. బాలునకు పదియేండ్లు నిండునప్పటికి తల్లి గతించెను. కుమారునకు చదువుపై శ్రద్ధ చాలదని తలచి తండ్రి పదునాలుగవ యేట బడి మాన్పించి రైల్వే ఆఫీసులో పనికి కుదిర్చెను. రెండేండ్లు ఆ గానుగ త్రిప్పిన పిమ్మట చదువు విలువ ఆ పిల్లవానికి తెలిసివచ్చినది. సెయింట్ పాల్ నగరమున ఉన్నత పాఠశాలలో మరల చేరి, పోయిన కాలమును పూడ్చుకొనవలెనను పట్టుదలతో మూడేండ్లకే చదువు ముగించెను. అచటి ఉపాధ్యాయిని యొకరు అతని ప్రజ్ఞను గుర్తించి హార్వర్డునకు పొమ్మని ప్రోత్సహించిరి. 1892లో అతడు ఆ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. ఇంటినుండి వచ్చు ధనము స్వల్పము. విద్యార్థి వేతనములతోను, ఇతరులకు పాఠములు చెప్పి గడించిన సొమ్ముతోను కాలక్షేపము చేయుచు 1896లో మొదటి శ్రేణిలో పట్టము పుచ్చుకొనెను.

ఆ దినములలో హార్వర్డున విలియం జేమ్స్ తత్త్వశాస్త్రమును, మనస్తత్త్వశాస్త్రమును బోధించుచుండెను. ఆయన ఉపన్యాసములకు ముగ్ధుడైన కానన్, తానును తత్త్వశాస్త్రమే చదువుదునని గురువుతో చెప్పగా, అది కడుపు నింపు విద్య కాదని జేమ్స్ హాస్యముగా మందలించి మరలించెనట. భయమునకును దేహవికారమునకును గల సంబంధమును గూర్చి జేమ్స్ ప్రతిపాదించిన సిద్ధాంతమును ముప్పదియేండ్ల తరువాత ప్రయోగబలముతో ఎదిరింపనున్నవాడు ఈ శిష్యుడేనని అప్పుడెవరును ఊహించి యుండరు.

1896లోనే కానన్ హార్వర్డు వైద్య కళాశాలలో చేరెను. రాంట్జెన్ తన కిరణములను కనుగొని అప్పటికి సంవత్సరమైనను కాలేదు. లోకమెల్ల ఆ కిరణములతో ఎముకలను చూచి ఆశ్చర్యపడుచుండగా, శరీరధర్మశాస్త్రాచార్యుడైన హెన్రీ బౌడిచ్ ఈ కొత్త విద్యార్థిని పిలిచి, ఆ వెలుగులో ఆహారము పోవు మార్గమును చూడవచ్చునేమో ప్రయత్నింపుమనెను. ఆ యేటి డిసెంబరులోనే కానన్ తన సహాధ్యాయియైన మోజర్‌తో కలసి, పొడవైన మెడ గల బాతుచేత బిస్మత్ అను ఖనిజపు పొడిని నింపిన గొట్టమును మ్రింగించి, అది కంఠనాళమున దిగుటను కిరణముల వెలుగున కనులార చూచెను. పిమ్మట పిల్లులకు ఆ పొడి కలిపిన ఆహారము పెట్టి, వాని కడుపులో అలలవలె సాగు కదలికలను గంటల తరబడి పరిశీలించెను. నేడు ప్రతి పెద్ద ఆసుపత్రిలోను రోగిచేత తెల్లని ద్రవము త్రాగించి ఎక్సురే తీయుచున్నారు. ఆ పద్ధతికి పునాదులు పడినది ఈ విద్యార్థి బల్లపైననే.

ఆ పరిశీలనలో ఒక చిత్రము కాననునకు అడ్డుపడుచుండెను. కడుపు చక్కగా కదలుచుండగా పిల్లి ఏ కారణముచేతనైన బెదరినను, కోపించినను, ఆ అలలు చటుక్కున నిలిచిపోవును. దానిని నిమిరి శాంతింపజేసినచో మరల మొదలగును. ఇది పరిశోధనకు విఘ్నమని విసుగుకొని మరియొక పిల్లిని తెచ్చుకొనువారే లోకమున పెక్కురు. కానన్ మాత్రము ఆ విఘ్నమునే పట్టుకొనెను. మనసునందలి అలజడికిని కడుపునందలి నిశ్చలతకును మధ్య దారి యేది? ఈ ప్రశ్నయే ఆయన శేషజీవితమును నడిపినది.

1900లో వైద్యపట్టము పుచ్చుకొని, 1901లో కార్నీలియా జేమ్స్ అను విదుషిని వివాహమాడెను. ఆమె తరువాతి కాలమున నవలా రచయిత్రిగా పేరుగాంచెను. నూతన దంపతులు మోంటానా అడవులకు విహారమునకై పోయి, అంతకు మున్నెవరును ఎక్కి యెరుగరని చెప్పుకొను ఒక కొండ కొనకెక్కిరి. ఆ కొండకు నేటికిని కానన్ పర్వతమనియే పేరు. 1906లో బౌడిచ్ విరమింపగా ఆ పీఠము కాననునకు లభించెను. 1942 వరకు ముప్పదియారేండ్లు ఆయన ఆ స్థానముననే యుండెను.

మూత్రపిండముల నెత్తిన చిన్న టోపీల వలె అమరియుండు గ్రంథులు రెండు కలవు. వానియందు పుట్టు ఎడ్రినలిన్ అను రసమును జపాను శాస్త్రజ్ఞుడు తకమీనే 1901లో స్ఫటిక రూపమున వేరుచేసియుండెను. ఆ రసమును సూదితో ఎక్కించినచో గుండె వేగమగును, వెండ్రుకలు నిక్కును, కడుపు కదలిక నిలుచును. బెదరిన పిల్లియందు కనబడు లక్షణములే ఇవి. అట్లయిన భయము కలిగినపుడు ఈ గ్రంథి తానుగా ఆ రసమును నెత్తురులోనికి వదలుచున్నదా? 1911లో కానన్, ద లా పాజ్ అను సహచరునితో కలసి ప్రశాంతముగానున్న పిల్లినుండి, గ్రంథి రసము కలియు చోటునకు చేరువనున్న రక్తనాళమునుండి కొంత రక్తము తీసెను. పిమ్మట దానియెదుట కుక్కను మొరిగించి మరల కొంత తీసెను. అతి స్వల్పమైన ఎడ్రినలినునకు సయితము సడలిపోవు ప్రేగు ముక్కను రెండు రక్తములయందును ముంచి చూడగా, మొదటి దానియందు అది యథాప్రకారము ముడుచుకొనుచుండెను; రెండవ దానియందు సడలిపోయెను. భయము నెత్తురులోనికి దిగినదనుటకు అది తొలి సాక్ష్యము.

అంతట ఆయన దృష్టి చక్కెరపై పడెను. ఎడ్రినలిన్ కాలేయమునందు దాచియున్న పిండిపదార్థమును కరగించి చక్కెరగా రక్తమునకు అందించును. కోపించిన పిల్లుల మూత్రమున చక్కెర కనబడెను. ఆ గ్రంథులను తీసివేసినచో కనబడలేదు. మరి ఆరోగ్యవంతులైన మనుష్యులమాట యేమి? తొమ్మిదిమంది వైద్యవిద్యార్థులను ఒక కఠినమైన పరీక్ష ముగిసిన వెంటనే పరిశీలింపగా నలుగురి మూత్రమున చక్కెర తేలినది; తేలికయైన పరీక్ష తరువాత ఒక్కనికే తేలినది. 1913లో హార్వర్డు ఫుట్‌బాలు జట్టువారు ఆ ఋతువునకు ఆఖరుదైన పెద్ద పోటీ ముగించి రాగా, కాననును, ఆయన సహచరుడు సైరస్ ఫిస్కేయును ఇరువదియైదుగురిని పరీక్షించిరి. పండ్రెండుగురియందు చక్కెర కనబడెను. అందు వింత యేమనగా, ఆ పండ్రెండుగురిలో ఐదుగురు మైదానమున అడుగే పెట్టలేదు. ఎప్పుడు పిలుపు వచ్చునో యని బల్లపై కూర్చుండి చూచుచున్నవారు మాత్రమే. కాళ్లు కదలలేదు గాని, కదలవలసి వచ్చునేమోయని దేహము ముందే వంట చెరకు సిద్ధము చేసికొన్నది.

ఈ వివరములన్నియు కూడి కాననునకు ఒక చిత్రముగా రూపొందెను. అడవిలో జీవికి భయము కలిగినచో పరుగెత్తవలెను. క్రోధము కలిగినచో పోరాడవలెను. రెంటికిని కండరములకు శక్తి కావలెను. కావున కాలేయము చక్కెర వదలును. కడుపునందలి రక్తము కండరములకు మరలును. గుండె వడిగా కొట్టుకొనును. ఊపిరితిత్తుల గొట్టములు విప్పారును. గాయమైనచో నెత్తురు త్వరగా గడ్డకట్టును. పరుగు వేడిని చల్లార్చుటకు చెమట ముందే సిద్ధమగును. జీర్ణక్రియ మాత్రము నిలిచిపోవును. అది తరువాత చేసికొనదగిన పని. ఇల్లు తగులబడుచుండగా గచ్చు కడుగుకొనువారుండరు గదా! ఆలంకారికులు లెక్కించిన స్వేద రోమాంచ వైవర్ణ్యములు వట్టి కలవరము గాక, యుద్ధసన్నాహమని ఈ విధముగా తేలినది. 1915లో వెలువడిన ఆయన గ్రంథము నొప్పి, ఆకలి, భయము, క్రోధముల యందలి దేహపరిణామములను ఈ దృష్టితో వివరించినది. ఆ గ్రంథమునకు కడపటి ప్రకరణము యుద్ధమును గూర్చినది. పోరు కొరకు దేహమున పుట్టు ఈ శక్తికి రణరంగముకంటె క్రీడారంగమే మేలైన దారి యని ఆయన వాదించెను. ఐరోపాయందు అప్పటికే మహాసంగ్రామము సాగుచుండెను.

సిద్ధాంతము ప్రకటింపబడుట యొక యెత్తు, నిలబడుట యొక యెత్తు. క్లీవ్‌లాండునందలి స్టీవర్ట్, రోగోఫ్ అను ఇరువురు పరిశోధకులు కానన్ ప్రయోగములను తప్పుపట్టిరి. గ్రంథినుండి వచ్చు ఎడ్రినలిన్ ఎల్లప్పుడు ఒకే తీరున స్రవించుచుండుననియు, ఉద్వేగముతో దానికి సంబంధము లేదనియు, రక్తము తీయు పద్ధతిలోనే లోపమున్నదనియు వారి వాదము. ఏండ్ల తరబడి ఈ వివాదము సాగినది. పేరు ప్రతిష్ఠలు పణమైనవి. కానన్ మాటతో మాటను ఎదుర్కొనక, రక్తము తీయవలసిన పనియే లేని ఉపాయము కనిపెట్టెను. పిల్లి గుండెకు పోవు నాడులన్నిటిని తెగగోసి, గాయము మాన్పి, దానిని సుఖముగా జీవింపనిచ్చెను. ఇక ఆ గుండెకు మెదడునుండి వార్త చేరదు. నెత్తురుద్వారా వచ్చు వార్తయే చేరును. అట్టి పిల్లి యెదుట కుక్క మొరిగిన క్షణములకే గుండె వేగమందుకొనెను. గ్రంథులను పనిచేయకుండ చేసినచో ఆ వేగము మిక్కిలి తగ్గిపోయెను. ప్రతిపక్షులు చివరివరకు సమ్మతింపకున్నను, శాస్త్రలోకము క్రమముగా కానన్ పక్షమునకే మ్రొగ్గెను.

1917లో అమెరికా యుద్ధమున దిగగా, నలుబదియైదేండ్ల కానన్ భార్యను, ఐదుగురు పిల్లలను విడిచి ఫ్రాన్సునకు పోయెను. గాయము ప్రాణాంతకము కాకున్నను, యువసైనికులు పాలిపోయి, చల్లబడి, రక్తపు పీడనము పడిపోయి గంటలలో మరణించుట ఆయనను కలచివైచెను. క్షణము క్రితము నిండు ఆరోగ్యముతో నున్నవారే వారందరు. వారి రక్తమున క్షారము తగ్గి ఆమ్లము పెచ్చు పెరుగుటను కనిపెట్టి, సోడా కలిపిన ద్రవమును రక్తనాళములలోనికి ఎక్కించెను. కొందరు తేరుకొనిరి. ఆ ఆమ్లత్వము మూలకారణము గాక, రక్తము తగ్గి అవయవములకు ప్రాణవాయువు అందకపోవుటవలన కలుగు ఫలితమని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఐనను రక్తములోని ఏ యంశమైనను హద్దు మీరినచో ప్రాణమే నిలువదను సత్యము ఆ డేరాలలో ఆయన హృదయమున నాటుకొన్నది.

ఆ సత్యమునకు స్పష్టమైన రూపము ఇన్సులిన్ మూలమున దొరికినది. 1921, 1922 సంవత్సరములలో టొరాంటోయందు ఇన్సులిన్ కనుగొనబడగా, రక్తములోని చక్కెరను కోరినంత తగ్గించు సాధనము శాస్త్రజ్ఞుల చేతికి చిక్కెను. 1924లో కాననును, ఆయన సహచరులును పిల్లులకు ఇన్సులిన్ ఎక్కించి, నాడులు తెగిన ఆ గుండెనే సాక్షిగా నిలిపి చూచిరి. నూరు ఘన సెంటీమీటర్ల రక్తమునకు చక్కెర సుమారు 70 మిల్లీగ్రాములకు దిగినంతనే గుండె వేగమందుకొనెను. ఎదుట కుక్క లేదు, భయము లేదు, కోపము లేదు. లోపలి లేమియే శత్రువైనది. కొట్టు నిండుకొన్నదని తెలిసి గ్రంథి తానే కాలేయపు తలుపు తట్టినది. బాహ్యమైన ఆపదకును అంతరంగమందలి కరవునకును దేహము పిలుచుకొను సేవకుడొక్కడే యని తేలినది. ఆరోగ్యవంతులైన మనుష్యులయందు తరువాత జరిగిన పరిశోధనలును ఇంచుమించు ఆ అంకె చుట్టునే నిలిచినవి. చక్కెర ఆ గీతకు దిగువకు పోయినచో ఎడ్రినలినుతోపాటు గ్లూకగాన్, కార్టిసాల్, పెరుగుదల హార్మోను కూడ రక్తమున పెరుగునని నేడు తెలియును. ఆకలి ముదిరినపుడు చేతులు వణకుటకును, చెమటలు పట్టుటకును కారణమిదియే.

ఫ్రెంచి పండితుడు క్లాడ్ బెర్నార్డ్, ప్రతి కణమును చుట్టియున్న లోపలి ద్రవము నిలకడగా నుండుటయే స్వేచ్ఛాజీవనమునకు ఆధారమని అంతకు మున్నే బోధించియుండెను. ఆ నిలకడను దేహమెట్లు కాపాడుకొనునో చూపి, కానన్ 1926లో దానికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టెను. మన భాషలో సమస్థితి యనవచ్చును. కాని అది రాతి నిలకడ కాదు. తాడుపై నడచు గారడివాని నిలకడ. అనుక్షణము ఇటు ఒరగి అటు సర్దుకొనుటవలన కలుగు నిలకడ. దానిని పరీక్షించుటకై ఆయన పిల్లులకు సింపథెటిక్ నాడీమండలమును పూర్తిగా తొలగించి పెంచెను. వెచ్చని గదిలో, వేళకు తిండి దొరకుచుండగా అవి హాయిగా బ్రదికినవి. చలిలో నుంచినచో రోమములు నిక్కలేదు, వేడి నిలువలేదు. కోపించినను రక్తమున చక్కెర పెరుగలేదు. సుఖమున అక్కరలేని కాపలాదారుడు కష్టమున లేకున్న ఇల్లు నిలువదు. 1932లో వెలువడిన దేహవివేకమను అర్థము గల పేరుతోడి గ్రంథము ఈ విషయమును సామాన్యులకు సయితము అందించినది.

ఇచ్చట తెలుగువారికి ఒక ముచ్చట కలదు. ఫుట్‌బాలు ఆటగాండ్రను కాననుతో కలసి పరీక్షించిన సైరస్ ఫిస్కేయే, తరువాత మన యెల్లాప్రగడ సుబ్బారావుగారికి సహచరుడయ్యెను. భీమవరమున పుట్టిన సుబ్బారావుగారు 1923లో బోస్టను చేరి, అదే వైద్య కళాశాలలో జీవరసాయన శాఖయందు పనిచేయుచు, 1925లో రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలసి ప్రకటించిరి. పిమ్మట కండరమునందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను వారిరువురును వెలికి తెచ్చిరి. కండరము శ్రమించునపుడు అది విరుగును, విశ్రమించినపుడు మరల కూడును. కండరమునకు ఆహారమును తోడ్తెచ్చు హార్మోనును ఒక శాఖయందును, కండరమున ఆ శక్తి ఖర్చగు తీరును మరియొక శాఖయందును ఒకే కళాశాలలో ఒకే కాలమున పరిశోధించుచుండిరన్నమాట.

కానన్ ప్రయోగశాలకే పరిమితుడై యుండలేదు. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ 1923లో అమెరికాకు వచ్చి న్యూయార్కున రైలులో దొంగలచేత చిక్కి ధనమెల్ల పోగొట్టుకొనగా, ఆ వృద్ధుని ఆదరించినవారిలో కానన్ ముఖ్యుడు. వారి స్నేహము పావ్లోవ్ తుదివరకు నిలిచినది. 1935లో లెనిన్‌గ్రాడునందు జరిగిన అంతర్జాతీయ మహాసభలో కానన్ శాస్త్రస్వాతంత్ర్యమునకు కలుగుచున్న ముప్పును గూర్చి నిర్భయముగా మాటలాడెను. స్పెయిన్ అంతర్యుద్ధమున గణతంత్ర పక్షమునకు వైద్య సహాయము పంపు సంఘమునకు నాయకత్వము వహించి, స్వదేశమున నిందలు పడెను.

ఆయన కృషి యంతయు నిర్దుష్టమని చెప్పరాదు. నాడుల కొనలనుండి పుట్టు రసమును గూర్చి రోసెన్‌బ్లూత్‌తో కలసి ఆయన కట్టిన రెండు సింపథిన్‌ల సిద్ధాంతము నిలువలేదు. ఆ రసము నారెడ్రినలిన్ అని స్వీడన్ దేశపు వాన్ ఆయిలర్ 1946లో నిర్ణయించెను. 1936లో నాడీరసములను గూర్చిన నోబెల్ బహుమానము డేల్, లోయీలకు పోయినది. కాననునకు ఎన్నడును రాలేదు. ఆ యేడే మాంట్రియల్‌నందలి హాన్స్ సెల్యే, తీరని కష్టమున ఆ గ్రంథియొక్క పై పొరయే ముఖ్యపాత్ర వహించునని చూపి, కానన్ విడిచిన వైపున దారి తీసెను. కానన్ క్షణికమైన ఆపదను చదివెను. సెల్యే దీర్ఘమైన కష్టమును చదివెను. తరువాతి కాలమున నార్వే దేశపు సైనిక విద్యార్థులు నాలుగైదు దినములు నిద్రాహారములు చాలక కఠినశ్రమ చేయగా, ఆ దృఢకాయుల రక్తమున కార్టిసాల్ పెరిగి, పురుష హార్మోనైన టెస్టోస్టిరోన్ బాగుగా పడిపోయినదని తెలిసినది. కరవు కాలమున దేహము సంతానచింతను సయితము వాయిదా వేయును. బెదరిన పిల్లి కడుపు నిలిచిపోవుటలో కానన్ చదివిన పాఠమునకు ఇది పెద్ద పాఠము.

తొలినాళ్లలో కిరణముల అపాయమెవరికిని తెలియదు. కాపుదల చాలక గంటల తరబడి ఆ వెలుగులో నిలిచిన ఫలితమును కానన్ ముదిమియందు అనుభవించెను. చర్మమును తినివేయు వ్యాధి, భరింపరాని దురద, తుదకు ప్రాణహారియైన రోగము ఆయనను చుట్టుముట్టెను. దేహము తన్ను తాను కాపాడుకొను మర్మమును లోకమునకు తెలిపినవాని దేహము, ఆ మర్మమును వెదకిన సాధనమువలననే శిథిలమైనది. ఐనను పని మానలేదు. 1942లో పదవి విరమించిన యేడే, శాపభయముచేత ఆరోగ్యవంతులు సయితము మరణించుటను గూర్చి వ్యాసము వ్రాసెను. ఆత్మకథాప్రాయమైన గ్రంథము 1945లో వెలువడినది. ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదీన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున ఫ్రాంక్లిన్ గ్రామమునొద్ద ఆయన కన్నుమూసెను.

1932 నాటి గ్రంథము ముగింపులో కానన్ ఒక మాట ఆలోచనకు పెట్టి పోయెను. అప్పుడు అమెరికా యందు కొలువులు లేక లక్షల జనులు వీధుల పాలైయుండిరి. దేహమను రాజ్యమున ఏ కణమును పస్తుండదు; మిగులు ధాన్యము కాలేయమున దాచబడును; లేమి కలిగినంతనే వార్త పోవును, కొట్టు తలుపు తెరువబడును. కోట్లాది కణములు నేర్చిన ఈ విద్యను కోట్లాది మనుష్యులు ఏల నేర్వరాదు? ఈ ప్రశ్నకు మాత్రము ఏ ప్రయోగశాలయు నింకను సమాధానము చెప్పలేదు.